రైలు నుంచి పడి నాన్న కాలు పోయింది, టికెట్టు దొరకలేదు. పరిహారం అడగొచ్చా?

సిక్కోలు_చిన్నమ్మాయి | నవంబర్ 16, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. దయచేసి ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

మా నాన్న తాపీమేస్త్రీ, చెన్నైలో పని. సంక్రాంతికి ఊరొస్తూ జనవరి 11 రాత్రి జనరల్ బోగీలోంచి పడిపోయాడు. ఒంగోలు దాటాక జరిగింది. లోపల కాలు పెట్టే సందు లేక తలుపు దగ్గర నిలబడ్డాడట. ఒక స్టేషన్లో దిగేవాళ్లు వెనక నుంచి తోసుకొచ్చారు, అప్పుడే బండి కుదుపుతో కదిలింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

నాన్నా, ఇంకో ఇద్దరు మేస్త్రీలూ కలిసి ముగ్గురికీ ఒకే టికెట్టు తీసుకున్నారు. అది నాన్న చొక్కా జేబులో ఉంది. క్యాజువాల్టీలో చొక్కా కత్తిరించి తీసేశారు. నేను తెల్లారి వెళ్లేసరికి మంచం కింద ఒక కవర్లో బెల్టు, ఒక చెప్పు, పగిలిన సెల్‌ఫోన్ ఉన్నాయి. చొక్కా లేదు. ఎవరిని అడిగినా చెత్తలో పోయి ఉంటుందన్నారు.

పోలీసులు వచ్చి అడిగితే నాన్న ఉన్నదున్నట్టు "తలుపు దగ్గర నిలబడ్డాను" అని చెప్పాడు. అలా చెప్పాక, పైగా టికెట్టు కూడా లేనప్పుడు ఇంక రూపాయి రాదని ఊళ్లో అందరూ అంటున్నారు. ఆస్పత్రిలో ఉండగా ఒకాయన వచ్చి, 30 శాతం ఇస్తే కేసు తను చూసుకుంటానని ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగాడు. భయమేసి పెట్టలేదు. పది నెలలు గడిచిపోయాయి. ఇప్పుడైనా ఏమైనా చేయొచ్చా?

---

కొత్తవలస_రమణ | నవంబర్ 16, రాత్రి 11:20

చెల్లెమ్మా, సంతకాలు పెట్టకుండా మంచిపని చేశావు.

నాకు లా తెలీదు, నేను చూసింది చెబుతాను. 2023 అక్టోబర్ 29న కంటకాపల్లి, అలమండ మధ్య రాయగడ పాసింజరు వెళ్లి ముందున్న పలాస పాసింజరును గుద్దింది కదా, ఆ బండిలో మా బావ ఉన్నాడు. 14 మంది పోయారు. బావకి తొడ ఎముక విరిగింది. ఆస్పత్రిలోనే ఎక్స్‌గ్రేషియా, అంటే అప్పటికప్పుడు ఇచ్చే సాయం డబ్బు, ఇచ్చారు. రైల్వే ఇవ్వాల్సింది ఇచ్చేసింది, ఇంక అయిపోయిందనే అనుకున్నాం. అది వేరు, చట్టప్రకారం వచ్చే పరిహారం వేరు అని నాలుగు నెలల తర్వాత పక్కింటి మాస్టారు చెబితే గానీ తెలీలేదు. అప్పుడు రైల్వే పరిహారం కేసులు చూసే ట్రైబ్యునల్‌లో కేసు వేశాం.

మీకు కచ్చితంగా దారి ఉంటుంది. వకీలుగారు ఈ గ్రూపులోనే ఉన్నారు, చూస్తారు.

---

బెజవాడ_వకీలు | నవంబర్ 17, ఉదయం 6:55

అమ్మా, ముందు ఒక్క మాట. మీకు జనవరి 10 దాకా టైముంది. ప్రమాదం జరిగిన ఏడాదిలోపు రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో దరఖాస్తు పడాలి. ఏడాది దాటినా సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రైబ్యునల్‌కి ఉంది. కానీ చేతిలో ఏడెనిమిది వారాలు ఉండగా ఆ గొడవ తెచ్చుకోవద్దు.

ఇప్పుడు మీ రెండు భయాల సంగతి.

తలుపు దగ్గర నిలబడటం. రైల్వే చట్టం 1989లో రెండు సెక్షన్లున్నాయి. రైళ్లు గుద్దుకున్నా, పట్టాలు తప్పినా 124. రమణగారి బావది అది. ప్రయాణికుడు రైల్లోంచి పొరపాటున పడిపోయినా, రైల్లో దోపిడీ, దాడి, బాంబు పేలుడు లాంటివి జరిగినా 124-ఎ. మీ నాన్నగారిది ఇది. రెండింటిలోనూ తప్పు ఎవరిదన్న ప్రశ్నే లేదు. రైల్వే తప్పు ఉందని మీరు రుజువు చేయక్కర్లేదు. మీ నాన్నగారు జాగ్రత్తగా లేరని చెప్పి రైల్వే తప్పించుకోలేదు. తలుపు దగ్గర నిలబడి పడిపోయిన మనిషి విషయంలోనే 2010లో సుప్రీంకోర్టు చెప్పింది: అది అజాగ్రత్త అయితే కావచ్చు, నేరం మాత్రం కాదు, పరిహారం ఇవ్వాల్సిందే అని.

పరిహారం ఇవ్వక్కర్లేని సందర్భాలు చట్టంలోనే లెక్కగా రాసి ఉన్నాయి: ఆత్మహత్య లేదా ఆ ప్రయత్నం, కావాలని తనకు తానే చేసుకున్న గాయం, తన సొంత నేరం, తాగి ఉండి లేదా మతి స్థిమితం లేక చేసిన పని, సహజ కారణం లేదా జబ్బు. అంతే. తలుపు దగ్గర నిలబడటం ఇందులో లేదు. కాబట్టి మీ నాన్నగారు నిజం చెప్పినందుకు ఏమీ పోలేదు. తర్వాత మాట మార్చి ఉంటే అప్పుడు పోయేది.

టికెట్టు. 2018లో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. టికెట్టు దొరకనంత మాత్రాన టికెట్టు లేని ప్రయాణం అనుకోకూడదు. ఏ స్టేషన్లో ఎక్కారు, ఎక్కడికి వెళ్తున్నారు, టికెట్టు ఎవరు కొన్నారు, ఎలా పోయింది అన్నీ రాసి మీరు అఫిడవిట్ వేస్తే, కాదని చూపించాల్సిన భారం రైల్వే మీద పడుతుంది. మీరు పైన రాశారే, కత్తిరించిన చొక్కా, కవర్లో బెల్టు, ఒక చెప్పు, అది ఉన్నది ఉన్నట్టు అఫిడవిట్‌లో రాయండి. నేను రాసినా అంతకన్నా బాగా రాయలేను.

ఇక ఆ 30 శాతం మనిషి. గెలిస్తే ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం వకీలు చేయకూడని పని. అసలు ఆయన వకీలేనా అన్నది కూడా చూసుకోవాలి. ఈ కేసులకి కోర్టు ఫీజు లేదు. పరిహారం మీ నాన్నగారి బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. ఆ ఖాతా పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

---

ప్రసాద్_కాకినాడ | నవంబర్ 17, ఉదయం 9:10

నొప్పించాలని కాదు. కానీ తలుపు దగ్గర నిలబడొద్దని ప్రతి బోగీలో రాసి ఉంటుంది. వినకుండా నిలబడి పడిపోతే అందరి డబ్బులోంచి ఎందుకివ్వాలి? కారు నడిపేవాడు తప్పు చేస్తే అతనికి ఇవ్వరు కదా.

---

రిటైర్డ్_గార్డు | నవంబర్ 17, ఉదయం 11:35

ప్రసాద్ గారూ, ముప్పై నాలుగేళ్లు గూడ్సులు, పాసింజర్లు, ఎక్స్‌ప్రెస్‌లు చేశాను. నన్ను చెప్పనివ్వండి.

పండగ ముందు రోజు చెన్నై నుంచి వచ్చే బండికి జనరల్ బోగీ ఎలా ఉంటుందో బ్రేక్‌వ్యాన్ దిగి చూసినవాణ్ని. మనిషి ఎక్కడ నిలబడాలన్నది అక్కడ మనిషి చేతిలో ఉండదు. కిటికీలోంచి పిల్లల్ని లోపలికి అందిస్తారు. బాత్‌రూమ్‌లో నలుగురు కూర్చుంటారు. ఆఖరున ఎక్కినవాడు తలుపు దగ్గరే ఉంటాడు, ఇంకెక్కడుంటాడు? కౌంటర్లో ఇన్నే టికెట్లు అమ్మాలన్న లెక్క జనరల్‌కి లేదు. డబ్బు తీసుకుని టికెట్టు ఇచ్చాక ఆ మనిషిని క్షేమంగా దింపే బాధ్యత కూడా తీసుకున్నట్టే. చట్టం ఊరికే ఇమ్మనలేదు.

తల్లీ, నీకు కావాల్సిన కాగితాలు చెబుతాను రాసుకో. మనిషి పడ్డాడని తెలియగానే స్టేషన్ మాస్టర్ జీఆర్పీకి, అంటే రైల్వే స్టేషన్లలో ఉండే రాష్ట్ర పోలీసులకి, మెమో ఇస్తాడు. ఆయన డైరీలో టైముతో సహా రాస్తాడు. గార్డు, అంటే ఇప్పుడు ట్రెయిన్ మేనేజర్ అంటున్నారు, తన రిపోర్టులో రాస్తాడు. బండి ఎక్కడ ఎంతసేపు ఆగిందీ అందులో ఉంటుంది. ఆ తర్వాత ఆర్పీఎఫ్, అంటే రైల్వే సొంత రక్షణ దళం వాళ్లు విచారణ చేసి డివిజన్ మేనేజర్‌కి పంపుతారు, దాన్నే డీఆర్‌ఎం రిపోర్టు అంటారు. రేపు ట్రైబ్యునల్‌లో రైల్వే వకీలు పట్టుకుని వాదించేది ఆ రిపోర్టే. అందులో "కదిలే బండి దిగబోయాడు" అనో, "పట్టాలు దాటుతున్నాడు" అనో రాసి ఉంటే ముందే తెలుసుకోవడం మంచిది. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడుగు.

మీ నాన్నను మొదట చూసింది ఎవరు? రాత్రిపూట అయితే పట్టాల వెంట గస్తీ తిరిగే పెట్రోల్‌మన్ గానీ, తెల్లారగట్ల పట్టాలు తనిఖీ చేసే కీమన్ గానీ అయ్యుంటారు. ఆ మనిషి ఏం చెప్పాడన్నది చాలా ముఖ్యం.

---

సిక్కోలు_చిన్నమ్మాయి | నవంబర్ 17, మధ్యాహ్నం 1:05

వకీలుగారూ, గార్డుగారూ, మీ ఇద్దరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. నాన్నకి చదివి వినిపించాను. "నిజం చెప్పినందుకు ఏమీ పోలేదు" అన్న దగ్గర మళ్లీ చదవమన్నాడు. పది నెలలుగా ఆ మాట తనే చెప్పి చెడగొట్టుకున్నానని కుమిలిపోతున్నాడు.

మొదట చూసింది ప్లాట్‌ఫాం చివర టీ అమ్మే అబ్బాయట. కూడా ఉన్న మేస్త్రీ గొలుసు లాగితే బండి కాస్త ముందుకెళ్లి ఆగింది. అతను వెనక్కి పరిగెత్తుకొచ్చి, ఆస్పత్రి దాకా నాన్న తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

---

బెజవాడ_వకీలు | నవంబర్ 17, మధ్యాహ్నం 1:40

ఆ మేస్త్రీయే మీ సాక్షి. అదే టికెట్టు మీద ప్రయాణం చేసినవాడు, కళ్లారా చూసినవాడు. ఇంతకన్నా ఏం కావాలి? గొలుసు లాగి బండి ఆపితే రైల్వే రికార్డులోకి ఎక్కుతుంది. గార్డుగారు చెప్పినట్టు ఆ రికార్డు కూడా అడగండి.

టికెట్టు డబ్బులు ఎవరు కట్టారు, ఫోన్‌పేలోనా? కట్టి ఉంటే ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి.

---

యాదగిరి_నల్గొండ | నవంబర్ 17, రాత్రి 8:50

అక్కా, మా అన్న కేసు చెప్తా. పాసింజరు నుంచి పడి చనిపోయిండు. రైల్వే రిపోర్టుల ట్రాక్ దాటుతుంటే బండి గుద్దిందని రాసిన్రు. టికెట్టు లేదు. ఇంట్ల అందరం ఆశ వదులుకున్నం.

కేసు నిలబడ్డది శవ పంచనామా మీద. అన్న ఏ పొజిషన్‌ల పడి ఉన్నడు, దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నయి, పక్కన ఏమేమి దొరికినయి అన్నీ పెద్దమనుషుల సంతకాలతోటి అండ్ల ఉన్నయి. బండి గుద్దిన మనిషికి ఉండే దెబ్బలు వేరు, పడిన మనిషికి ఉండేవి వేరు అని పోస్ట్‌మార్టం డాక్టరు చెప్పిండు. ట్రైబ్యునల్ మా దిక్కు తీర్పు ఇచ్చింది. 8 లక్షలు, వడ్డీతో.

టైం పట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలె. వాయిదాలకు సికింద్రాబాద్ తిరిగినం. వదినకు ధైర్యం చెప్పుడే పెద్ద పనైంది. ఆ పైసల కోసం తిరుగుతున్నవా అని చుట్టాలే అన్నరు. పిల్లలిద్దరు ఇప్పుడు చదువుకుంటున్నరు.

---

ప్రసాద్_కాకినాడ | నవంబర్ 17, రాత్రి 9:30

గార్డుగారూ, మీరు చెప్పాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చిన్నమ్మాయిగారూ, సారీ అండీ.

ఒక సందేహం. 8 లక్షలు అందరికీ ఇస్తారా, చనిపోతేనా?

---

బెజవాడ_వకీలు | నవంబర్ 18, ఉదయం 7:15

ప్రాణం పోతే 8 లక్షలు. 2017 జనవరి 1 ముందు అది 4 లక్షలు. రెండు చేతులు పోయినా, చూపు మొత్తం పోయినా, ఇంకే పనీ చేయలేని స్థితి వచ్చినా అంతే, 8 లక్షలు. మిగతా గాయాలకి నిబంధనల్లో ఒక షెడ్యూలుంది. ఏ వేలు పోతే ఎంత, ఏ ఎముక విరిగితే ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. అన్నీ కలిపినా 8 లక్షలు దాటదు. మోటారు ప్రమాదాల్లో లాగా సంపాదన, వయసు లెక్కేయరు. రోజుకి 900 తెచ్చే మేస్త్రీ కాలికీ, ఆఫీసరు కాలికీ ఒకటే రేటు. నాకది న్యాయం అనిపించదు. కాలు మీద నిలబడి బతికేవాడికి పోయింది ఎక్కువ. కానీ చట్టం అలా ఉంది.

చిన్నమ్మాయి గారూ, ఇది మీకు చాలా ముఖ్యం. కాలు తీసేసిన కేసుల్లో షెడ్యూలు అంగుళాల్లో కొలుస్తుంది. మోకాలి కింద మిగిలిన మొండి ఎన్ని అంగుళాలుందన్న దాన్నిబట్టి పరిహారం మారుతుంది. డిశ్చార్జి సమ్మరీల్లో ఉత్త "మోకాలి కింద తొలగింపు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. అది చాలదు. ఎముకల డాక్టరు దగ్గరకి వెళ్లి, టేపుతో కొలిపించి, ఇన్ని అంగుళాలు మిగిలిందని సర్టిఫికెట్‌లో రాయించండి. ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్, అదే సదరం సర్టిఫికెట్‌లో శాతమే ఉంటుంది, అదొక్కటే సరిపోదు. రెండూ పెట్టండి.

డాక్టరు కేసు షీటు కాపీ కూడా తీసుకోండి. చేర్చిన రాత్రి ఎవరైనా "మద్యం వాసన" అని రాసి ఉన్నారేమో చూడాలి. ఉంటే రైల్వే దాన్నే పట్టుకుంటుంది. లేదంటే ఆ షీటే మీకు బలం.

---

గోదారి_గట్టు | నవంబర్ 18, ఉదయం 10:20

రిజర్వేషన్ చేసేటప్పుడు 45 పైసల ఇన్సూరెన్స్ అని వస్తుంది కదా, అది కూడా ఇలాంటి వాటికి పనికొస్తుందా? నేనెప్పుడూ టిక్ పెట్టలేదు.

---

బెజవాడ_వకీలు | నవంబర్ 18, ఉదయం 10:55

పెట్టండి. అది ఆన్‌లైన్‌లో రిజర్వేషన్ చేసుకున్నవాళ్లకే, కన్ఫర్మ్ అయినా ఆర్ఏసీ అయినా. ప్రాణం పోతే 10 లక్షలు, ఆస్పత్రి ఖర్చు 2 లక్షల దాకా. ట్రైబ్యునల్ ఇచ్చేదానికి ఇది అదనం, ఒకటి వస్తే రెండోది పోదు. బుక్ చేశాక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఒక లింకు వస్తుంది. అందులో నామినీ పేరు నింపాలి. చాలామంది ఆ మెసేజి తెరిచి కూడా చూడరు. జనరల్ టికెట్టుకి ఈ సౌకర్యం లేదు, కాబట్టి చిన్నమ్మాయి గారికి వర్తించదు.

రమణగారు చెప్పిన ఎక్స్‌గ్రేషియా సంగతి కూడా ఇక్కడే చెబుతాను. రైలు ప్రమాదాల్లో 2023 సెప్టెంబర్ నుంచి మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు, చిన్న గాయానికి 50 వేలు. ఇది తర్వాత వచ్చే పరిహారంలోంచి తగ్గించరు. మధ్యంతర సాయం అని చట్టం కింద తీసుకుంటే మాత్రం తగ్గిస్తారు. సంతకం పెట్టే ముందు కాగితం మీద ఏ పేరుందో చదవండి.

---

లక్ష్మి_తెనాలి | నవంబర్ 18, సాయంత్రం 5:40

మా అత్తగారిని రైలెక్కించడానికి వెళ్లి మా ఆయన ప్లాట్‌ఫాం మీద నుంచి జారారు. పెద్ద దెబ్బ కాదు లెండి. ప్లాట్‌ఫాం టికెట్టు ఉన్నవాళ్లకి కూడా వస్తుందా?

---

బెజవాడ_వకీలు | నవంబర్ 18, సాయంత్రం 6:10

ప్లాట్‌ఫాం టికెట్టు ఉన్నవాళ్లని కూడా ప్రయాణికుల కిందే చూడమని 124-ఎలో ఉందమ్మా. కానీ ప్లాట్‌ఫాం మీద జారితే రాదు, అది రైల్లోంచి పడిన కిందికి రావాలి. టికెట్టు లేకుండా పట్టాలు దాటుతూ దెబ్బ తగిలినవాళ్లకి ఈ సెక్షన్ వర్తించదు. పైగా అదే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం.

---

సిక్కోలు_చిన్నమ్మాయి | నవంబర్ 20, రాత్రి 9:15

వకీలుగారూ, ఎక్కడ వేయాలి? మాది శ్రీకాకుళం జిల్లా, ప్రమాదం ఒంగోలు దాటాక, ఎక్కింది చెన్నైలో. వకీలుని పెట్టుకునే స్తోమత లేదు. నేను చీరల షాపులో చేస్తున్నాను, ఇల్లు దాని మీదే నడుస్తోంది.

---

బెజవాడ_వకీలు | నవంబర్ 20, రాత్రి 10:00

ప్రమాదం జరిగిన చోటు, ఎక్కిన స్టేషన్, దిగాల్సిన స్టేషన్, మీరుండే ఊరు. వీటిలో దేని పరిధిలో ఉన్న బెంచి అయినా సరే. ఒంగోలు వైపు కాబట్టి గుంటూరులో ఉన్న అమరావతి బెంచికి వెళ్లొచ్చు.

ఫీజు గురించి దిగులొద్దు. జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. దివ్యాంగులకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. మీ నాన్నగారు ఇప్పుడు ఆ కిందికే వస్తారు. ఆడవాళ్లకీ, ఎస్సీ, ఎస్టీలకీ అంతే. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ట్రైబ్యునల్‌లో మీరే స్వయంగా వాదించుకోవడానికీ హక్కుంది. తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లోపు హైకోర్టుకి వెళ్లొచ్చు.

---

రిటైర్డ్_గార్డు | నవంబర్ 21, ఉదయం 6:30

తల్లీ, దివ్యాంగుల పింఛను నెలకి 6 వేలు వస్తోందా? లేకపోతే సదరం చేతికి రాగానే సచివాలయంలో పెట్టు. ఈ కేసుకీ దానికీ సంబంధం లేదు, రెండూ రావాలి.

---

సిక్కోలు_చిన్నమ్మాయి | డిసెంబర్ 19, రాత్రి 11:05

నెల రోజులు రాయలేకపోయాను, క్షమించండి. ఏం జరిగిందో చెబుతాను.

న్యాయసేవాధికార సంస్థ ఒక మేడమ్‌ని ఇచ్చింది. చాలా ఓపికగా విన్నారు. ఎముకల డాక్టరు నాన్న కాలు కొలిచి ఆరున్నర అంగుళాలని రాసిచ్చారు. కొలుస్తున్నంతసేపూ నాన్న గోడ వైపు చూస్తూ ఉన్నాడు.

కేసు షీటులో మద్యం మాట ఎక్కడా లేదు. సమాచార హక్కు కింద రిపోర్టు వచ్చింది. అందులో "కదులుతున్న రైలు దిగడానికి ప్రయత్నించి" అని ఉంది. నాన్న దిగాల్సింది పలాసలో. ఒంగోలు దగ్గర అర్ధరాత్రి ఎందుకు దిగుతాడని మేడమ్ అదే పాయింటు దరఖాస్తులో రాశారు.

ఫోన్‌పే దొరికింది! టికెట్టు డబ్బులు కట్టింది నాన్న కాదు, రెండో మేస్త్రీ. ఆయన ఫోన్లో జనవరి 11 సాయంత్రం కట్టినట్టు ఉంది. స్టేట్‌మెంటు తీయించి స్టాంపు వేయించాం.

నిన్ననే గుంటూరులో దరఖాస్తు పడింది, నంబరు వచ్చింది. గొలుసు లాగిన మేస్త్రీ సాక్ష్యానికి చెన్నై నుంచి వస్తానన్నాడు. ఛార్జీలు పంపుతానంటే వద్దన్నాడు. ఈసారి నేనే ఆన్‌లైన్లో స్లీపర్ టికెట్టు తీసిచ్చాను, 45 పైసలు కూడా కట్టాను. నామినీ ఎవరి పేరు పెట్టాలని అడిగితే వాళ్ల చిన్నకూతురి పేరు చెప్పాడు.